గ్యాస్ నుంచి కరెంట్ వంటకు మారాలా? మీ ఇంటి లెక్క ఇలా తేల్చుకోండి

ముందు పోయిన నెల కరెంట్ బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. మీ ఇంట్లో ఒక సిలిండర్ ఎన్ని రోజులు వస్తోందో కూడా గుర్తు చేసుకోండి. ఈ రెండూ తెలియకపోతే, "ఇండక్షన్ చాలా చవక" అనే పక్కింటివాళ్లకీ, "బిల్లు తడిసి మోపెడవుతుంది" అనే చుట్టాలకీ మధ్య నలిగిపోవడమే అవుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఎవరి మీటర్ ప్రకారం వాళ్లది నిజమే.

మా ఇంట్లో ఈ మార్పు మొదలై రెండేళ్లు దాటింది. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్, నలుగురం ఉంటాం. పూర్తిగా మారలేదు, మారాలని ఇప్పుడు అనుకోవడం కూడా లేదు. పొయ్యి మీద జరిగే పనిలో సగానికి పైగా కరెంట్ మీదికి వెళ్లింది, మిగతాది గ్యాస్ మీదే ఉంది. వంటిల్లు మొత్తాన్ని ఏదో ఒకదానికి రాసిచ్చేయాల్సిన పని లేదని ఈ రెండేళ్లలో బాగా అర్థమైంది. ఏ వంట దేని మీద చేయాలి, కరెంట్ ఏ శ్లాబు (యూనిట్లు పెరిగేకొద్దీ మారే రేటు మెట్టు) దాకా వాడొచ్చు అన్నవి తేలితే మిగతాదంతా సులువు.

## దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది మీ బిల్లులో చివరి యూనిట్ ధర. సగటు ధర చూస్తే మోసపోతాం. వంటకు కొత్తగా వాడే యూనిట్లన్నీ ఇప్పుడు మీరు వాడుతున్న యూనిట్ల పైన వచ్చి చేరతాయి కాబట్టి వాటికి పడేది పై శ్లాబు రేటే.

తర్వాత వంటింట్లో ప్లగ్, దాని వెనక వైరు. ఆ తర్వాత మీ దగ్గరున్న గిన్నెలు, మీరు రోజూ వండే వంటలు. మీ ఏరియాలో కరెంట్ ఎంతసేపు పోతుందనేది ఇంకో విషయం. చాలామంది అసలు ఆలోచించనిది ఒకటుంది. ఆ పొయ్యి ముందు రోజూ నిలబడేది ఎవరు? వాళ్లకి ఎంత వయసు? బటన్లు వాళ్లకి కనపడతాయా? కొనేది ఒకరు, వండేది ఒకరు అయిన ఇళ్లలో చాలా ఇండక్షన్ స్టవ్‌లు అటక ఎక్కడానికి కారణం ఇదే.

## డబ్బు లెక్క

ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అందులో ఉన్న వేడిని కరెంట్ యూనిట్లలో చెప్పుకుంటే దాదాపు 180 యూనిట్లు. అదంతా గిన్నెలోకి వెళ్లదు. మంట గిన్నె పక్కల నుంచి పైకి పాకుతూ మన మొహానికీ గోడకీ కూడా కొంత పంచుతుంది. మామూలు వాడకంలో గిన్నెకు అందేది 60 శాతం చిల్లర అనుకోవచ్చు. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి 85 శాతం దాకా వంటకు పనికొస్తుంది. ఆ లెక్కన ఒక సిలిండర్ చేసే పనిని ఇండక్షన్ మీద చేస్తే సుమారు 130 యూనిట్లు కాలతాయి.

2025 ఏప్రిల్‌లో రూ.50 పెంచాక హైదరాబాద్‌లో సిలిండర్ రూ.905 అయింది. దాన్ని 130తో భాగిస్తే దాదాపు 7 రూపాయలు. అంటే ఆ సిలిండర్ ధర దగ్గర మీ చివరి యూనిట్ ధర రూ.7 లోపు ఉంటే కరెంట్ చవక, దాటితే గ్యాస్ చవక. సిలిండర్ ధర మారినప్పుడల్లా ఈ భాగహారం మళ్లీ చేసుకోండి, అర నిమిషం పని.

ఇప్పుడు శ్లాబులు. తెలంగాణలో నేను లెక్క వేసిన రేట్లు ఇవి: నెలకు 101 నుంచి 200 యూనిట్లు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి వాటికి రూ.4.80. 200 దాటిన ఇంటికి మొదటి 200కే రూ.5.10 చొప్పున పడుతుంది, 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9. ఆంధ్రప్రదేశ్‌లో 76 నుంచి 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. ఆంధ్రలో శ్లాబు మారినా కింది యూనిట్ల రేటు మారదు. తెలంగాణలో మారుతుంది. 200 యూనిట్ల ఇంటికి ఎనర్జీ ఛార్జీ (వాడిన యూనిట్లకు పడే డబ్బు) రూ.820 అయితే, 201వ యూనిట్ తిరగ్గానే అది రూ.1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి 200 పైచిలుకు.

నలుగురున్న ఇంట్లో సిలిండర్ 45 రోజులు వస్తుందనుకుందాం. పూర్తిగా ఇండక్షన్‌కు మారితే నెలకు 90 యూనిట్లు పెరుగుతాయి, గ్యాస్ మీద నెలకు రూ.600 మిగులుతుంది.

| ఇల్లు | ఇప్పటి యూనిట్లు | వంట కలిశాక | పెరిగే ఛార్జీ | ఫలితం |
|---|---|---|---|---|
| తెలంగాణ, ఉచిత కరెంట్ లేదు | 110 | 200 | రూ.432 | నెలకు రూ.170 దాకా లాభం |
| తెలంగాణ, ఉచిత కరెంట్ లేదు | 250 | 340 | రూ.745 | నెలకు రూ.140 పైన నష్టం |
| తెలంగాణ, ఉచిత కరెంట్ (గృహజ్యోతి) ఉంది | 140 | 230 | రూ.1,251 | నెలకు రూ.650 నష్టం |
| ఆంధ్రప్రదేశ్ | 120 | 210 | రూ.532 | రూ.70 లాభం, దాదాపు సమానం |
| ఆంధ్రప్రదేశ్ | 240 | 330 | రూ.787 | రూ.190 దాకా నష్టం |

ఇవి ఎనర్జీ ఛార్జీలు మాత్రమే. ఇంధన సర్దుబాటు, డ్యూటీ లాంటివి కలిస్తే కరెంట్ వైపు ఇంకాస్త బరువు పెరుగుతుంది. ఆంధ్రలో ఆ 70 రూపాయల లాభం వాటికే సరిపోతుంది.

మూడో వరుస దగ్గర కాస్త ఆగండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే ఆ నెల మొత్తం బిల్లు మనదే. ఇప్పటిదాకా పైసా కట్టని ఇంటికి ఇండక్షన్ కొన్న మొదటి నెలలోనే వెయ్యి దాటిన బిల్లు వస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. పైగా అలాంటి ఇళ్లలో చాలామందికి మహాలక్ష్మి కింద సిలిండర్ రూ.500కే పడుతోంది, కాబట్టి గ్యాస్ మీద మిగిలేది ఇంకా తక్కువ. వీళ్లకు నా సలహా: అన్నం, టీ, స్నానానికి కాకుండా తాగడానికి కాచుకునే నీళ్లు, ఈ మూడూ కరెంట్ మీద చేసుకోండి. నెలకు 30, 40 యూనిట్లు పెరుగుతాయి, 140 ఉన్నది 180 లోపే ఉంటుంది, బిల్లు సున్నాగానే ఉంటుంది. సిలిండర్ మాత్రం మూడు వారాలకు పైగా ఎక్కువ వస్తుంది. వేసవిలో కూలర్ తిరిగే నెలల్లో మాత్రం మీటర్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఆంధ్రలో దీపం 2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్న ఇళ్లదీ ఇలాంటి కథే. ఉచితంగా వచ్చే గ్యాస్ వదులుకుని కరెంట్‌కు డబ్బు కట్టడంలో అర్థం లేదు. ఆ మూడూ అయిపోయాక కొనాల్సిన సిలిండర్ల దగ్గరే కరెంట్ ఆలోచన పెట్టుకోండి.

## ప్లగ్, వైరు: ఇక్కడ మాత్రం రాజీ వద్దు

మేం మొదట్లో చేసిన తప్పు చెబుతాను. వంటింట్లో ఉన్న పవర్ ప్లగ్ ఫ్రిజ్‌కి పోయింది. ఇండక్షన్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాం. వారం రోజులు బాగానే నడిచింది. ఎనిమిదో రోజు పప్పు ఉడుకుతుంటే ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. కుక్కర్ అడుగు మాడిందేమో అనుకుని మూత తీసి చూశాం. పప్పు బాగానే ఉంది. వంగి చూస్తే బాక్స్‌లో ప్లగ్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంది. పిన్ను ముట్టుకుంటే చెయ్యి కాలింది. మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ బాక్స్ చేతిలోకి తీసుకుని, "అన్నా, ఇది ఫోన్ ఛార్జర్లకి పెట్టుకునేది. రెండు వేల వాట్ల పొయ్యి దీని మీద నడిపిస్తే ఇల్లే అంటుకుంటది" అన్నాడు.

లెక్క చిన్నదే. 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. టీవీకి, ఫోన్‌కి పెట్టే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లకు చేసింది. కాబట్టి పెద్ద పిన్నుల పవర్ ప్లగ్ కావాలి, షాపుల్లో 15 ఆంప్స్ అన్నా 16 ఆంప్స్ అన్నా అదే. దాని వెనక కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వీలైతే దానికంటూ ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). గీజర్, ఇండక్షన్ ఒకే లైన్ మీద ఉండకూడదు. పాత ఇళ్లలో గోడలోపల ఏ వైరు ఉందో బయటికి కనపడదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడండి. వంటింటికి ఒక్క పవర్ పాయింట్ లాగడం పెద్ద ఖర్చేమీ కాదు, చాలామంది ఓనర్లు కాదనరు.

బిల్లు మీద మీ ఇంటికి మంజూరైన లోడ్ కిలోవాట్లలో ఉంటుంది. ఉదయం ఏడు గంటలకు గీజర్ రెండు వేలు, ఇండక్షన్ రెండు వేలు, పక్క గదిలో ఏసీ పదిహేను వందలు కలిస్తే అయిదున్నర కిలోవాట్లు. రెండు కిలోవాట్ల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇది నడవదు. లోడ్ పెంచుకోవాలంటే డబ్బు కట్టాలి, ఆ ఖర్చు కూడా మీ లెక్కలో రాసుకోండి.

## ఏమేం ఉన్నాయి, ఏది దేనికి

| | గ్యాస్ | ఇండక్షన్ | ఇన్‌ఫ్రారెడ్ | కరెంట్ కుక్కర్ |
|---|---|---|---|---|
| గిన్నెలు | ఏవైనా | అయస్కాంతం అంటుకునేవే | అడుగు చదునుగా ఉంటే ఏవైనా | దానితో వచ్చిందే |
| వేడి వృథా | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | తక్కువ |
| పోపు | బాగుంటుంది | చిన్న గరిటె పనిచేయదు | ఆలస్యం, కానీ అవుతుంది | కాదు |
| పెద్ద దోశ | బాగుంటుంది | అంచులు కాలవు | ఫర్వాలేదు | కాదు |
| పుల్కా, కాల్చిన వంకాయ | బాగుంటుంది | కాదు | జాలీ పెట్టి చేయొచ్చు | కాదు |
| ఆపాక వేడి | స్టాండ్ మీద కాసేపు | గిన్నె వేడి మాత్రమే | అద్దం చాలాసేపు కాలుతుంది | లోపల వెచ్చగా |
| ప్లగ్ | అక్కర్లేదు | పవర్ ప్లగ్ | పవర్ ప్లగ్ | మామూలుది చాలు |

కరెంట్ రైస్ కుక్కర్. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. తెలుగు ఇళ్లకు కొత్త వస్తువేమీ కాదు, చాలామంది దగ్గర ఇప్పటికే ఉంటుంది, పెళ్లిలో వచ్చిన పెట్టెలోనే ఉన్న ఇళ్లూ ఉన్నాయి. 700 వాట్ల కుక్కర్ అర కిలో బియ్యం వండడానికి మూడో వంతు యూనిట్‌కి అటూ ఇటూగా తీసుకుంటుంది. మనం రోజుకు రెండు పూటలా అన్నం వండే మనుషులం. పొయ్యి మీద ఎక్కువసేపు ఉండేది అన్నం, పప్పు. అన్నం ఒక్కటి దించేస్తే గ్యాస్ వాడకంలో తేడా ఆ నెలలోనే కనపడుతుంది. చిన్న ప్లగ్‌తో నడుస్తుంది కాబట్టి వైరింగ్ గొడవ కూడా ఉండదు.

సింగిల్ ఇండక్షన్ స్టవ్. రెండు వేల నుంచి నాలుగు వేల లోపు మంచిది వస్తుంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొన్నవాళ్లలో సగం మంది దీన్ని ప్రేమిస్తారు, సగం మంది నెలలో వదిలేస్తారు.

ముందుగా మంచి. మా ఇంట్లో లీటరు నీళ్లు పెద్ద బర్నర్ మీద మరగడానికి అయిదు నిమిషాలకు పైగా పట్టింది, 1,800 వాట్ల మీద మూడున్నర నిమిషాల్లో అయిపోయింది. పప్పు, సాంబారు, ఇడ్లీ, కూరగాయలు ఉడకబెట్టడం, పాలు కాచడం దీని మీద హాయిగా అవుతాయి.

ఇంకొకటి నేను ముందు ఊహించనిది. మే నెలలో వంటింట్లో ఫ్యాన్ వేసుకోవచ్చు. గ్యాస్ వెలుగుతుంటే మంట ఆరిపోతుందని ఫ్యాన్ ఆపేస్తాం. బయట 42 డిగ్రీలు, లోపల రెండు బర్నర్లు, గాలి లేదు. అమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటూ కూర కలపడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, అది మామూలే అనుకున్నాను. ఇండక్షన్ పెట్టిన వేసవిలో అదే వంటింట్లో గోడకు ఫ్యాన్ తిరుగుతుంటే కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంది. బిల్లులో నాలుగు డబ్బులు అటూ ఇటూ అయినా ఈ ఒక్క దానికోసం నేను కొంటాను.

ఇక ఇబ్బందులు. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి. ఫ్రిజ్ మీద బొమ్మల అయస్కాంతం ఒకటి తీసుకుని మీ గిన్నెలన్నిటికీ పెట్టి చూడండి. ఇనుప మూకుడు, ఇనుప పెనం పనిచేస్తాయి. అల్యూమినియం, ఇత్తడి, రాగి, మట్టి పాత్రలు పనిచేయవు. స్టీలు గిన్నెల్లో కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. పాత అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగున స్టీలు ప్లేటు అతికించిన ఇండక్షన్ బేస్ కుక్కర్ కావాలి. గిన్నెలు కొత్తగా కొనాల్సి వస్తే స్టవ్ ధర కంటే వాటి ధరే ఎక్కువవుతుంది.

దోశ సంగతి. లోపల కాయిల్ వెడల్పు మహా అయితే జానెడు. పన్నెండు అంగుళాల పెనం పెడితే మధ్యలో మాడుతుంది, అంచులు తెల్లగానే ఉంటాయి. కాయిల్ అంతే సైజు పెనం మీద చిన్న దోశలు వేసుకుంటే బాగానే వస్తాయి. ఆదివారం ఇంటిల్లిపాదికీ పేపర్ దోశలంటే మాత్రం గ్యాసే.

పోపు గరిటె అడుగు మరీ చిన్నది. స్టవ్ దాన్ని గిన్నెగా గుర్తించదు, బీప్ బీప్ అని ఆగిపోతుంది. చిన్న మూకుడులో తిరగమోత పెట్టి పప్పులో వంపుకోవాలి. మా అత్తయ్య, "చారులో గరిటె ముంచితే చుయ్యిమనాలి, అప్పుడే ఇంగువ వాసన పడుతుందమ్మా" అని పోపు వరకు గ్యాస్ దగ్గరికే వెళతారు. ఆవిడతో వాదించం, ఆ రెండు నిమిషాల గ్యాస్‌తో వచ్చే నష్టమేమీ లేదు.

సన్నటి సెగ కావాల్సిన వంటలు ఇంకో సమస్య. చేపల పులుసు, పాయసం, అరిసెల పాకం. 300 వాట్లు అని నొక్కినా చాలా చవక మోడళ్లు నిజంగా సెగ తగ్గించవు. కాసేపు గట్టిగా కాలి, కాసేపు పూర్తిగా ఆగి, మళ్లీ గట్టిగా కాలతాయి. అడుగు పల్చగా ఉన్న గిన్నెలో పాయసం అంటుకుపోతుంది. కొనేటప్పుడు షాపులోనే కాసిని నీళ్లు పోసి తక్కువ సెగ మీద పెట్టమనండి. బుడగలు నిలకడగా వస్తే మంచి స్టవ్, ఒకసారి పొంగి ఒకసారి చప్పబడితే వేరేది చూడండి.

కుక్కర్ విజిల్స్ లెక్క కూడా మార్చుకోవాలి. ఎక్కువ వాట్ల మీద పెడితే పప్పు ఉడకకముందే మూడు విజిల్స్ వచ్చేస్తాయి. మొదటి విజిల్ రాగానే 600, 700 వాట్లకు తగ్గించి పది నిమిషాలు టైమర్ పెట్టండి. కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది.

వాడాక వెంటనే స్విచ్ ఆపకండి, లోపలి చిన్న ఫ్యాన్ ఆగేదాకా ఆగండి. రాత్రి పడుకునే ముందు స్టవ్ కింద తుడవండి. బొద్దింకలు వెచ్చదనానికి గాలి రంధ్రాల్లోంచి లోపలికి దూరి బోర్డు పాడుచేస్తాయి. ఇక పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే గుండె డాక్టర్‌ని అడిగాకే ఇండక్షన్ కొనండి.

ఇన్‌ఫ్రారెడ్ స్టవ్. చూడ్డానికి ఇండక్షన్‌లాగే ఉంటుంది, పని వేరు. లోపలి కాయిల్ ఎర్రగా కాలి అద్దాన్ని, అద్దం గిన్నెను వేడి చేస్తాయి. అందుకే ఏ గిన్నైనా పనిచేస్తుంది, మట్టి పాత్ర కూడా. జాలీ పెట్టి పుల్కాలు, అప్పడాలు కాల్చుకోవచ్చు. వేడి వృథా ఇండక్షన్ కంటే ఎక్కువ, కాబట్టి సిలిండర్‌కు సమానమైన యూనిట్లు 130 కాకుండా 150 దాటతాయి. ఆపాక అద్దం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పాకే పిల్లలు, కుర్చీ ఎక్కే పిల్లలు ఉన్న ఇంట్లో నేను దీన్ని వద్దంటాను. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు "కరెంట్ పొయ్యి అస్సలు బాగోదు, వేడెక్కదు, వేడెక్కితే తగ్గదు" అంటుంటారు. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఉండే కాయిల్ పొయ్యి ఈ జాతిదే. ఆ అనుభవంతో ఇండక్షన్‌ని కొలవొద్దని వాళ్లకు చెప్పండి, ఇండక్షన్ సెగ నొక్కిన మరుక్షణం మారుతుంది.

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్. అయిదు వేల పైమాటే. పప్పు, రాజ్మా, బిర్యానీ, మటన్ లాంటివి పెట్టేసి వేరే పని చూసుకోవచ్చు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి చక్కగా నప్పుతుంది.

గట్టులో బిగించే పెద్ద హాబ్. నాలుగు పొయ్యిలది 7,000 వాట్ల దాకా లాగుతుంది, దానికి 32 ఆంపియర్ల ప్రత్యేక లైన్ కావాలి. సొంత ఇల్లు కట్టుకుంటూ వంటింటి వైరింగ్ ఇంకా చేతిలో ఉన్నవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఇది.

పైపు గ్యాస్. హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ లైన్ ఉన్న కాలనీల్లో బుకింగ్ లేదు, సిలిండర్ మోయడం లేదు, మీటర్ ప్రకారం బిల్లు. పాత స్టవ్‌కి జెట్లు మార్పించుకుంటే చాలు. ఇది ఉన్నవాళ్లు డబ్బు కోసం కరెంట్‌కు పరిగెత్తాల్సిన అవసరం లేదు.

## గాలి, పొగ, పర్యావరణం

గ్యాస్ మంట మసి కొట్టదు కాబట్టి శుభ్రమే అనుకుంటాం. కట్టెల పొయ్యితో పోలిస్తే ఎంతో మేలు, అందులో అనుమానం లేదు. కానీ ఆ నీలి మంట నుంచి నైట్రోజన్ డైఆక్సైడ్ వస్తుంది. అది ఊపిరితిత్తులకు పడదు, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ పడదు. కిటికీ లేని, చిమ్నీ లేని ఇరుకు వంటిళ్లలో అది అక్కడే తిరుగుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లో పెద్దో ఉంటే డబ్బు లెక్క పక్కన పెట్టి కరెంట్ వైపు మొగ్గండి. పోపు ఘాటు, నూనె పొగ దేని మీద వండినా తప్పవు, కిటికీ తెరవడం మానొద్దు.

కార్బన్ విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. మన కరెంట్‌లో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది, ఒక్కో యూనిట్‌కి దాదాపు 700 గ్రాముల కార్బన్ డైఆక్సైడ్. 130 యూనిట్లకు 90 కిలోలు. ఒక సిలిండర్ గ్యాస్ కాలిస్తే 42 కిలోలు. కాబట్టి భూమిని కాపాడదామని గ్రిడ్ కరెంట్ మీద వండితే ఈరోజుకి లెక్క తిరగబడుతుంది. ఇంటిమీద సోలార్ ఉన్నవాళ్లది వేరే దారి. దేశం వాడే వంటగ్యాస్‌లో దాదాపు 60 శాతం బయటి నుంచి కొనాల్సి వస్తోందన్నది ఇంకో కోణం, అందుకే ప్రభుత్వాలు కూడా కరెంట్ వంట గురించి మాట్లాడుతున్నాయి.

## మీరు ఎవరు?

ఒంటరిగా, ఇద్దరుగా అద్దెకుండేవాళ్లు. నెలకు 100 యూనిట్లు కూడా కాలని గదికి ఇండక్షన్ మించినది లేదు. కనెక్షన్ డిపాజిట్, గది మారినప్పుడల్లా అడ్రస్ గొడవ ఉండవు. ఒక కుక్కర్, ఒక మూకుడు, ఒక చిన్న పెనం చాలు.

ఏసీ ఉన్న కుటుంబాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీరు పై శ్లాబులో ఉంటారు, చలికాలంలో కిందికి దిగుతారు. డబ్బు కోసమే అయితే చలికాలం ఇండక్షన్, వేసవిలో గ్యాస్. కానీ వేసవిలోనే వంటిల్లు ఉడికిపోతుంది. ఆ మూడు నెలలూ నాలుగైదు వందలు ఎక్కువైనా ఇండక్షనే వాడదామని మేం అనుకున్నాం. మీ ఇంట్లో వండేవాళ్లని అడిగి తేల్చుకోండి.

పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు. గ్యాస్ నాబ్ మర్చిపోయే భయం ఉన్నచోట ఇండక్షన్ ఎంతో నిశ్చింత. గిన్నె తీస్తే ఆగిపోతుంది, టైమర్ అయితే ఆగిపోతుంది. కానీ టచ్ ప్యానెల్ తడి వేలికి పలకదు, అక్షరాలు చిన్నవి, ఇంగ్లిషులో ఉంటాయి. నొక్కుడు బటన్లున్నదే కొనండి. మా అమ్మ కోసం ఆన్ బటన్ పక్కన ఎర్ర బొట్టుబిళ్ల, ఆఫ్ పక్కన నల్ల బొట్టుబిళ్ల అంటించాం. రెండో రోజు నుంచి ఎవర్నీ అడగలేదు. ఇలాంటి ఇంట్లో వారం రోజులు మీరు పక్కనే ఉండి అలవాటు చేయండి, కొనిచ్చి వెళ్లిపోవద్దు.

పండగలకు పదిమంది చేరే ఇళ్లు. పెద్ద గుండిగలు, బూరెల మూకుడు, పిండివంటలు. గ్యాస్ ఉంచుకోండి.

ఇంటిపైన సోలార్ ఉన్నవాళ్లు, పెట్టించుకునేవాళ్లు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్‌కి రోజుకు 4 యూనిట్ల చొప్పున నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి, వంటకు కావాల్సింది అందులో పావు వంతు. పూర్తిగా మారడం వీళ్లకు అన్ని విధాలా లాభమే, కార్బన్ లెక్కలో కూడా.

కరెంట్ ఎక్కువగా పోయే ఏరియా అయితే ఒక మాట. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడిపే మామూలు ఇన్వర్టర్ ఇండక్షన్‌ని మోయలేదు. రెండో దారి ఉండాల్సిందే. పెద్ద సిలిండర్ అక్కర్లేదనుకుంటే 5 కిలోల చిన్న సిలిండర్ తెచ్చి పెట్టుకోవచ్చు.

## ఒక సిలిండర్ అయ్యేదాకా చూసి తేల్చుకోండి

కొత్త సిలిండర్ తగిలించిన రోజున తేదీ, మీటర్ రీడింగ్ రెండూ గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆ రోజు నుంచి అన్నం కరెంట్ కుక్కర్‌లో, పప్పు, పాలు, టీ ఇండక్షన్ మీద. పోపు, దోశ, పుల్కా గ్యాస్ మీద. మా ఇంట్లో 45 రోజులు వచ్చే సిలిండర్ ఇలా వాడితే 100 రోజులు దాటింది. మీకు సిలిండర్ ఎన్ని రోజులు ఎక్కువ వచ్చిందో, మీటర్ ఎన్ని యూనిట్లు ఎక్కువ తిరిగిందో పక్కపక్కన పెట్టుకుంటే మీ ఇంటి సొంత లెక్క వచ్చేస్తుంది.

ఆ తర్వాత కూడా గ్యాస్ పూర్తిగా వదిలేయాలనిపిస్తే, సిలిండర్, రెగ్యులేటర్ ఎవరికో ఇచ్చేయకండి. రెండూ డీలర్‌కి అప్పజెప్పి టర్మినేషన్ వోచర్ తీసుకుంటే కట్టిన డిపాజిట్ వెనక్కి వస్తుంది, మళ్లీ ఎప్పుడైనా కనెక్షన్ తీసుకోవాలన్నా ఆ కాగితమే పనికొస్తుంది. ఆ పనికి మాత్రం ఒక వేసవి, ఒక సంక్రాంతి గడిచేదాకా ఆగండి.